లారీ డ్రైవరుకి ఏ ప్రాసెసర్?

2004వ సంవత్సరం. గుంటూరు అరండల్‌పేటలో, మెట్లెక్కి వెళ్లాల్సిన మొదటి అంతస్తులో మా అన్నయ్యకు కంప్యూటర్ షాపు ఉండేది. ముందు గదిలో కూర్చుని అన్నయ్య అమ్మకాలు చూసుకునేవాడు. వెనక గదిలో అసెంబ్లింగ్, సర్వీసు నావి. అసెంబ్లింగ్ అంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ లాంటి విడిభాగాలు తెచ్చి, కొనేవాళ్ల అవసరాన్నిబట్టి ఒక కేబినెట్‌లో బిగించి కంప్యూటరుగా చేసి ఇవ్వడం. మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఆ పనిలోకి వచ్చాను.

ఆ రోజుల్లో షాపు మెట్లెక్కిన ప్రతివాళ్లూ "పెంటియం ఫోర్ వెయ్యండి" అనేవాళ్లు. పెళ్లి సంబంధంలో "అబ్బాయి ఇంజనీరు" అంటే ఇంక మిగతావి అడగనట్టు, ఆ మాటతో కంప్యూటర్ సంగతి మొత్తం తేలిపోయిందనుకునేవాళ్లు. పెంటియం ఫోర్ అనేది ఒక ప్రాసెసర్ పేరు, అంటే కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పు. అది ముఖ్యమే. కానీ దాని చుట్టూ ఉండేవాటి గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగనివాళ్లకు చెప్పే ఓపిక మాకూ ఉండేది కాదు.

మిర్చి సీజను మంచి జోరుమీదున్న ఒక రోజు, యార్డువైపు నుంచి వచ్చే ఘాటుకి ఊరంతా తుమ్ముతున్న వేళ, మా మెట్లమీద మాటలు వినిపించాయి.

"బావా, నువ్వు కిందే కూర్చో. వాళ్లనే రమ్మందాం."

"ఎక్కలేనని నీకు నేనేమన్నా చెప్పానా?"

ముగ్గురు పైకి వచ్చారు. చంకలో కర్ర పెట్టుకున్న మనిషికి నలభై ఏళ్లుంటాయి. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. పేరు సైదారావు. పిడుగురాళ్ల నుంచి సున్నం, గుంటూరు నుంచి మిర్చి లోడేసుకుని దేశమంతా తిరిగిన లారీ డ్రైవరు. రెండేళ్ల కిందట ఒక ఘాట్ రోడ్డులో ఎదురుగా వచ్చిన బండి గుద్దితే కాలు పోయింది. వెనకే వచ్చినామె భార్య శివపార్వతి. ముందు మాట్లాడింది ఆమె తమ్ముడు బ్రహ్మయ్య. గుంటూరులోనే మిర్చి వ్యాపారం చేస్తాడు. కంప్యూటర్ కొనిచ్చేది అతనే.

"మా బావ పిడుగురాళ్లలో లారీ బుకింగ్ ఆఫీసు పెట్టాడండీ," అన్నాడు బ్రహ్మయ్య. "రసీదులు కొట్టుకోవాలి, లోడు లెక్కలు చూసుకోవాలి. మీ దగ్గరుండే వాటిల్లో అన్నిటికన్నా పెద్ద పెంటియం ఫోర్ వెయ్యండి."

"రసీదులకీ లెక్కలకీ అంత పెద్దది అక్కర్లేదండీ. సెలెరాన్ చాలు," అన్నాను. సెలెరాన్ అంటే అదే జాతిలో చిన్నది. రోజువారీ ఆఫీసు పనికి దానికి ఢోకా లేదు.

బ్రహ్మయ్య మొహం అదోలా పెట్టాడు. శివపార్వతి భర్తవైపు చూసింది. "చెప్పు మరి," అంది మెల్లగా.

సైదారావు గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసు పని ఒకటి. ఇంకోటి కూడా ఉందండీ. నరసరావుపేటలో బస్సు కోసం ఆగి, ఎండకి తట్టుకోలేక ఒక నెట్ సెంటర్లో కూర్చున్నా. అక్కడ కుర్రాళ్లు లారీ నడిపే ఆట ఆడుతున్నారు. అది మన కంప్యూటర్లో ఆడాలంటే ఎట్టాంటిది కావాలి?"

"బావా, ఆ ముక్క నాకు చెప్పలేదే!" అన్నాడు బ్రహ్మయ్య.

"చెబితే తీసుకొచ్చేవాడివా?"

బ్రహ్మయ్య పక్కకి తిరిగి కిటికీలోంచి రోడ్డుకేసి చూశాడు. అతనిది పిసినారితనం కాదు. అంతటి మనిషి పిల్లల ఆట ముందు కూర్చుంటే చూడలేడు, అంతే. ఆ సంగతి అతని మొహంలోనే కనిపిస్తోంది.

ఆటలకైతే లెక్క వేరు. తెరమీద రోడ్డూ చెట్లూ బండ్లూ క్షణక్షణానికీ కొత్తగా గీయాలి. ఆ గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. అది విడిగా లేకపోతే మదర్‌బోర్డు మీదుండే చిన్న చిప్పు, ర్యామ్‌లో కొంత చోటు అరువు తెచ్చుకుని ఎలాగోలా గీస్తుంది. దాన్ని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ అంటాం. ప్రాసెసర్ ఎంత పెద్దదైనా గీసేవాడు బలహీనుడైతే ఆట నత్తనడకే. ఇదంతా చెప్పాను. బ్రహ్మయ్య నమ్మలేదు. "పెద్దదాంట్లో అన్నీ ఉంటాయి గదండీ" అన్నాడు.

సైదారావు అడిగాడు: "నడిపి చూడొచ్చా?"

నాకర్థం కాలేదు.

"బండి కొనేముందు నడిపి చూస్తాం గదండీ. మాటలతో ఎవరు కొంటారు? ఇది కూడా అంతేగా."

అన్నేళ్లలో మా షాపులో ఆ మాట అడిగిన మనిషి లేడు. అన్నయ్య ముందు గదిలోంచి తల తిప్పి చూశాడు. ఎండాకాలం మధ్యాహ్నం, బేరాలు లేవు. సరేనన్నాను.

మద్రాసు నుంచి తెచ్చిన స్టీరింగ్ ఒకటి మా అద్దాల బీరువాలో ఎవరూ కొనక పడి ఉంది. కింద పెట్టుకోవడానికి రెండు పెడళ్లు, ఒకటి యాక్సిలరేటర్, ఒకటి బ్రేకు. దాన్ని దులిపి బల్లకు బిగించాను. షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా పెద్ద ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌తో మొదట పెట్టాను. అంత పెద్దది వేస్తే బ్రహ్మయ్య అనుకున్న డబ్బులో విడిగా గ్రాఫిక్స్ కార్డు రాదు.

సైదారావు కర్ర గోడకానించి కూర్చున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఎడమకాలితో పెడళ్లను తడిమాడు.

"ఈ కాలికి క్లచ్ ఒక్కటే తెలుసండీ," అన్నాడు నాతో. "ఇరవయ్యేళ్లు ఇంకేమీ నేర్పలా. ఇప్పుడు మిగతా రెండూ నేర్పాలి."

పెడళ్లను ఎడమవైపుకి జరిపాను. గచ్చు మీద జారిపోతుంటే ఒక చెక్కమీద స్క్రూలతో బిగించి ఇచ్చాను. అతను బయల్దేరాడు. మొదటి మలుపు దాకా బాగానే వెళ్లాడు. మలుపులో ఆపేశాడు.

"రోడ్డు ముక్కలు ముక్కలుగా తిరుగుతోందండీ. నేను తిప్పడం ముందైపోతోంది, అది తిరగడం తర్వాతవుతోంది. ఇట్టాంటి బండి ఘాట్ ఎక్కితే మనిషి బతకడు."

"అదేంది బావా, అన్నిట్లోకీ పెద్దది గదా ఇది!"

"పెద్దదేరా. కాదన్లా. ఇంజను పెద్దదే. చక్రాలే సైకిలువి."

నేను నవ్వాపుకోలేకపోయాను. రెండోది పెట్టాను. ఇందులో సెలెరాన్, దానికి తోడు ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు. ఈసారి మలుపులు నూనె పోసినట్టు తిరిగాయి. చెట్లు, కొండలు, ఎదురొచ్చే బస్సులు అన్నీ సాఫీగా వచ్చి దాటిపోతున్నాయి. అక్కకు సైగ చేసి, "ఇదే తీసుకుందాం" అన్నాడు బ్రహ్మయ్య కూడా.

సైదారావు నడుపుతూనే ఉన్నాడు. ఆటలో ఒక ఊరు వచ్చింది. సందులు, కూడళ్లు, చుట్టూ బండ్లు.

"ఊళ్లోకి రాగానే కొంచెం పట్టేస్తోంది," అన్నాడు. "బయట బాగుంది. రద్దీలో ఊపిరి తిప్పుకోలేకపోతోంది."

నేను వెనక నిలబడి చూశాను. నిజమే. ఊళ్లోకొచ్చేసరికి ఆ కనిపించే ఒక్కో బండీ ఎటు పోవాలి, ఎక్కడ ఆగాలి అనేది లెక్కగట్టాల్సింది ప్రాసెసరే. సెలెరాన్‌లో క్యాష్ తక్కువ. క్యాష్ అంటే ప్రాసెసర్ తన చేతికందేంత దగ్గర్లో పెట్టుకునే చిన్న చోటు. అది చిన్నదైతే ప్రతిదానికీ ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. అది చెబితే సైదారావు వెంటనే పట్టుకున్నాడు.

"క్యాబిన్‌లో చెయ్యి చాపితే అందే అర ఉంటది గదా. పానా అందులో ఉంటే ఒకటి, వెనక తొట్టిలో ఉంటే ఇంకోటి. అంతేనా?"

"అంతేనండీ."

మూడోది నేను అప్పటికప్పుడు కట్టాను. ఆ గ్రాఫిక్స్ కార్డునే ఉంచి, సెలెరాన్ తీసేసి, మధ్యరకం పెంటియం ఫోర్ వేశాను. బ్రహ్మయ్య అడిగిన పెద్దదానికంటే రెండు మెట్లు కిందది. పెద్ద ప్రాసెసర్ వద్దనుకోవడంవల్ల మిగిలినదాంట్లోనే కార్డు వచ్చింది, పిడుగురాళ్ల కరెంటు ఒడుదుడుకులకి తట్టుకునే మంచి పవర్ సప్లయి కూడా వచ్చింది.

ఈసారి అతను ఎక్కడా ఆగకుండా ఊళ్లోంచి వెళ్లాడు, ఘాట్ ఎక్కాడు, దిగాడు. భుజాలు కిందికి దిగాయి. మలుపు రాబోతుంటే ఒళ్లు దానంతటదే అటు ఒరుగుతోంది. నుదుటిమీద చెమట పట్టింది. ఫ్యాను అతనివైపు తిప్పబోయాను. శివపార్వతి వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. ఆమె తెరను చూడటం లేదు. భర్త మొహాన్నే చూస్తోంది.

చాలాసేపటికి అతను బండిని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఆటలో అలా పక్కకి తీసి ఆపేవాళ్లను నేను చూడలేదు.

"ఇది ఇవ్వండి," అన్నాడు.

బ్రహ్మయ్య వచ్చి బావ భుజంమీద చెయ్యేశాడు. ఇంక పెద్దదాని ఊసెత్తలేదు. స్టీరింగూ పెడళ్లూ కూడా కలిపి ప్యాక్ చేయించాడు.

సైదారావు లాగా కంప్యూటర్ కొన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. అతనికి మెగాహెర్ట్జ్‌లతో పని లేదు. పేర్లతో పని లేదు. తనకేం కావాలో తెలుసు, అది వస్తోందా లేదా అన్నదే చూసుకున్నాడు. మొహమాటం లేకుండా "ఇది కాదు" అన్నాడు, దొరికాక ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. పుస్తకాల్లో బ్యాలెన్స్‌డ్ కాన్ఫిగరేషన్ అని చదివాను, అంటే ఒక భాగం ఇంకో భాగాన్ని వెనక్కి లాగకుండా అన్నీ జోడు కుదరడం. అది కళ్లముందు జరగడం ఆరోజే చూశాను.

ఎండలు ముదిరాక మే నెలలో ఫోన్ వచ్చింది.

"మేడమ్ గారూ, సైదారావునండీ, పిడుగురాళ్ల. బండి ఎక్కువసేపు లాగట్లేదు. బయల్దేరినప్పుడు బానే ఉంటది. పోను పోను రొప్పుతది. కాసేపు ఆపి ఉంచితే మళ్లీ మామూలే."

వైరస్ అయితే మొదటినుంచీ నిదానంగానే ఉండాలి. ఆపితే బాగవుతోందంటే అది వేడి. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

పిడుగురాళ్లలో దిగగానే నా అనుమానం సగం తీరిపోయింది. సున్నపు బట్టీల పొగ, మిల్లుల దుమ్ము. చెట్ల ఆకులే తెల్లగా ఉన్నాయి. బుకింగ్ ఆఫీసు రోడ్డుమీదే, రెండు గదులు. ముందు గదిలో బల్ల, ప్రింటరు, ఫోను. కంప్యూటర్ కేబినెట్ నేలమీద పెట్టి ఉంది. పక్క మూతను విప్పాను. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ ఉంటుంది. సన్నటి అల్యూమినియం రేకుల దిమ్మ అది. ప్రాసెసర్ వేడిని పీల్చుకుంటే, దాని మీదుండే ఫ్యాను ఆ వేడిని ఊదేస్తుంది. ఆ రేకుల మధ్య సందే కనబడలేదు. సున్నం పేరుకుని గోడకి వెల్ల వేసినట్టుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటోంది. దాన్ని థ్రాట్లింగ్ అంటాం. రొప్పడం అంటే అదే.

"రేడియేటర్ మూసుకుపోయిందన్నమాట," అన్నాడు సైదారావు తొంగిచూస్తూ.

"అదేనండీ. మీరు పెద్ద ప్రాసెసర్ తీసుకుని ఉంటే ఇంకా ముందే ఈ గతి పట్టేది. దాని వేడి ఎక్కువ."

బ్రష్షుతో, బ్లోయరుతో సున్నమంతా దులిపాను. హీట్‌సింక్ విప్పి, కింద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సందు లేకుండా చేసి, వేడిని అటు చేరవేసే మైనం లాంటిది అది. కేబినెట్‌ను నేలమీంచి తీసి ఎత్తుగా చెక్క అర మీద పెట్టించాను. గాలి లోపలికి పోయే వైపు పల్చటి గుడ్డ కట్టి, వారానికోసారి ఉతకమన్నాను.

వైర్లు మళ్లీ తగిలించబోతూ పెడళ్లు చూశాను. నేను ఎడమకాలికి కుదిరేలా బిగించి ఇచ్చిన చెక్క కుడివైపుకి జరిగి ఉంది. కుర్చీ కూడా ముందుకి లాగి ఉంది, పొట్టి మనిషికి అందేలా.

"ఎవరు నడుపుతున్నారండీ దీన్ని?" అని అడిగాను.

సైదారావు నవ్వి గుమ్మంవైపు చూశాడు. మజ్జిగ గ్లాసుతో వస్తున్న శివపార్వతి అక్కడే ఆగిపోయింది.

"ఏదో... ఊరికే," అంది.

"ఊరికేనా?" అన్నాడు భర్త. "మేడమ్ గారూ, బాగుచేశాక బండిని లోడేసి చూడాలి గదా? మా ఆవిడ చేత నడిపించండి. తెలిసిపోద్ది."

నిజానికి నాకు కావలసిందీ అదే. వేడి తగ్గిందో లేదో తెలియాలంటే ఆటను గంటసేపు ఆపకుండా నడపాలి. దాన్ని స్ట్రెస్ టెస్ట్ అంటాం. శివపార్వతి కొంగు బొడ్లో దోపుకుని కూర్చుంది. సైదారావు స్టూలు లాక్కుని ఆమె వెనక చేరాడు.

ఆ గంటలో నేను విన్న పాఠం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ ఉండదేమో.

"అద్దం చూడు. వెనకోడు తొందరమీదున్నాడు, పోనీ... ఎదుటి బండిని చూడమాక, దాని ముందు చక్రాలు చూడు. మనిషి అబద్ధమాడతాడు, చక్రం ఆడదు. అటు తిరిగిందంటే అటే వస్తాడు... ఇప్పుడు బ్రేకు నొక్కమాక, కాలు తీసెయ్యి చాలు. బండి తనే తగ్గుద్ది... అదీ!"

ఆమె అతను చెప్పినట్టే చేస్తోంది. ఒకచోట మూలమలుపులో లారీ పక్క గోడను రాసుకుంది. కొంచెమే. ఆటలో అయితే దానికి ఏమీ కాదు, పోనిచ్చేయొచ్చు. శివపార్వతి చేతులు తీసేసి కుర్చీలోంచి లేచింది.

"ఏమైందండీ?" అన్నాను కంగారుగా, కంప్యూటరే ఆగిందనుకుని.

"గుద్దాను గదండీ. ఇవ్వాళ్టికి అంతే."

"అది మా ఇంటి రూలు," అన్నాడు సైదారావు. "పిల్లలు దీన్ని గుద్దుకుంటా పోతారు, మళ్లీ మొదలవుద్దిలే అని. రోడ్డుమీద మళ్లీ మొదలు కాదు. అందుకని గుద్దితే ఆ రోజుకి తాళాలు ఇచ్చెయ్యాల్సిందే."

అతని గొంతులో కోపం లేదు, బాధా లేదు. ఒక సంగతి చెప్పినట్టు చెప్పాడు. నా పరీక్ష ఇంకా పూర్తి కాలేదు కాబట్టి మిగిలిన కాసేపు నేనే కూర్చుని నడిపాను. రెండు మలుపులకోసారి గుద్దాను. ఆ ఇంటి రూలు నాకు వర్తింపజేయలేదు గానీ, అతను ప్రతిసారీ కళ్లు మూసుకున్నాడు. కంప్యూటర్ మాత్రం రొప్పలేదు.

మజ్జిగ తాగుతూ అసలు సంగతి అడిగాను. బుకింగ్ ఆఫీసుకి ఒక చిన్న ట్రాలీ బండి అవసరం. బట్టీల దగ్గర్నుంచి చిన్న చిన్న సరుకులు తెచ్చి పెద్ద లారీల్లో వెయ్యాలి. జీతానికి డ్రైవరును పెట్టుకుందామంటే నిలిచేవాళ్లు దొరకడంలేదు. ఒకరోజు పెడళ్లు పనిచేస్తున్నాయో లేదో చూడమని సైదారావు భార్యను కూర్చోబెట్టాడట. ఆమె లేవలేదట. అప్పుడే ఆ ట్రాలీని ఆమె చేతే తోలిద్దామనుకున్నారట.

"తిప్పుతుంటే రోడ్డు నా మాట వింటున్నట్టనిపించిందండీ," అంది శివపార్వతి. "చిన్నప్పుడు మా నాయన సైకిలు కూడా తొక్కనివ్వలా."

"మరి మీరు నడుపుకుందామని కొన్నారు కదండీ?" అని సైదారావుని అడిగాను.

"నేను ఇరవయ్యేళ్లు నడిపా. నా తృప్తికి రోజూ కాసేపు నడుపుతూనే ఉన్నా," అన్నాడు. "కానీ ఒక్కణ్ణే నడిపితే ఆ స్క్రీను ఆపంగానే అయిపోద్ది. ఈమెకి చెబుతుంటే అట్టా అయిపోవట్లా."

సర్వీసు సామాను సంచిలో సర్దుకున్నాను. శివపార్వతి బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. దారిపొడుగునా ఎదురొచ్చిన ప్రతి లారీ ముందు చక్రాలకేసే ఆమె చూపు.

ఆ తర్వాత ఏడాది మిర్చి సీజనులో మా షాపు కింద హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే ఒక కొత్త ట్రాలీ బండి. స్టీరింగ్ ముందు శివపార్వతి, పక్కన సైదారావు. లైసెన్సు వచ్చింది. తమ్ముడికి చూపిద్దామని గుంటూరు దాకా తోలుకొచ్చింది. కంప్యూటర్లో క్లచ్ లేదు కాబట్టి అది మాత్రం ఖాళీ పొలంలో, అసలు బండిమీద, సైదారావు పక్కన కూర్చుని నేర్పాడట. "అదొక్కటే కష్టమైంది. మిగతాదంతా ముందే వచ్చినట్టుంది," అంది.

బ్రహ్మయ్య అప్పటికే అక్కడున్నాడు. మా సందు అసలే ఇరుకు. ఆ రోజు రిక్షాలు, స్కూటర్లు, మిర్చి బస్తాల తోపుడుబండి అన్నీ ఉన్నాయి. బండి వెనక్కి తీయాలి. "అక్కా, నువ్వు దిగు, ఎవర్నన్నా పిలుస్తా" అని బ్రహ్మయ్య అరుస్తున్నాడు. సైదారావు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. ఆమె ఒక అద్దంలో చూసింది, ఇంకో అద్దంలో చూసింది, ఒకే ఊపులో బండిని ఆ సందులోంచి వెనక్కి తీసి రోడ్డుమీద నిలబెట్టింది. తోపుడుబండి ముసలాయన "శభాషమ్మా!" అన్నాడు. బ్రహ్మయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటో మరోటో నేను అడగలేదు.

షాపులో ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను. పెంటియంలు పోయాయి, ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లు వచ్చాయి, వాటి పేర్లు నోరు తిరగనివి అయ్యాయి. అడిగేవాళ్లు మాత్రం అదే అడుగుతారు: ఆటలకీ రోజువారీ పనికీ ఏ ప్రాసెసర్ మంచిది? ఏ పనికి ఎంత కావాలో, గ్రాఫిక్స్ కార్డుతో జోడు కుదిరిందో లేదో, ఆ ఊరి ఎండకీ దుమ్ముకీ తట్టుకుంటుందో లేదో చూసి చెబుతాను. వీలైతే కూర్చోబెట్టి నడిపి చూడమంటాను. ఇవన్నీ సైదారావు నేర్పినవి.

అయితే వాటన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న అడగడం అలవాటైంది. ఆరోజు మా షాపులో మూడు కంప్యూటర్లు మార్చి మార్చి సైదారావు చేతికీ కాలికీ కొలిచాను. పక్కనే నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా, ప్రాసెసర్ పేరు చెప్పకముందే అడుగుతాను.

"మీ ఇంట్లో దీని ముందు ఇంకెవరు కూర్చుంటారండీ?"